ప్రసంగాలు ముందా, బుర్రకథ ముందా? సభ నిర్వహణపై సలహా కావాలి

నల్లగొండ పట్టణంలో మేము నడుపుతున్న రాజకీయ అధ్యయన వేదిక వానాకాలపు సభను ఏటా సెప్టెంబర్ 17కు దగ్గరి ఆదివారం జరుపుతుంది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంపై ఇద్దరు అతిథులు చెరి 40 నిమిషాలు ప్రసంగిస్తారు, గంటసేపు బుర్రకథ ఉంటుంది. నకిరేకల్, మునుగోడు వైపు పల్లెలకు వెళ్లవలసినవారు ఉంటారు కనుక సాయంత్రం 5 గంటలకు మొదలైన సభ 8 గంటలకల్లా ముగియాలి.

ప్రసంగాలు ముందు పెట్టినప్పుడు ఆరున్నర దాటితే గానీ జనం రాలేదు. హైదరాబాద్ నుంచి శ్రమపడి వచ్చిన ఆచార్యులు ఖాళీ కుర్చీల ముందు మాట్లాడవలసి వచ్చింది. బుర్రకథ ముందు పెడితే హాలు నిండింది, కానీ గుమ్మెటల మోత ఆగగానే సగం మంది లేచి వెళ్లారు. కథను రెండుగా విడదీసి మధ్యలో ప్రసంగాలు ఉంచితే, ఊపు తెగిపోయిందని కథకుడు నొచ్చుకున్నారు. అది న్యాయమైన మాటే. ఉద్యమకాలంలో ఊరూరా రాజకీయ చైతన్యాన్ని మోసుకెళ్లిన కళను జనాన్ని కూర్చోబెట్టే ఎరగా వాడడం నాకూ సమ్మతం కాదు. ప్రసంగాంశంపైనే కొత్త కథ కట్టమని కోరితే, అందుకు తగిన వ్యవధి లేదని బృందం చెప్పింది.

ఇటువంటి సభలు నిర్వహించినవారు, ఈ మూడు గంటల్లో ప్రసంగాలను, బుర్రకథను ఏ వరుసలో పెడితే శ్రోతలు మొదటి నుంచి చివరి వరకు నిలిచారో దయచేసి చెప్పగలరా?