కుష్టు కాలనీలో ఉన్న పెద్ద తాతయ్యని చెల్లి పెళ్ళికి తీసుకురావాలి, ఇంట్లో ఎలా ఒప్పించాలి?

గోదారిగట్టు:
మా తాతయ్యకి ఒక అన్నయ్య ఉన్నాడని పోయిన నెలదాకా నాకు తెలీదండి. కుర్రతనంలోనే పెద్దరోగం అని ఊళ్ళోంచి పంపేశారంట, అప్పట్నుంచీ కాలనీలోనే. వెళ్ళి చూశా. రోగం ఎప్పుడో నయమైంది కానీ వేళ్ళు సగమే ఉన్నాయి, టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతున్నాడు, నేను పక్కన కూర్చుంటే ఆయనే కొంచెం దూరం జరిగాడు, అది తట్టుకోలేకపోయా. అమ్మకి అంటుకుంటుందని భయం, నాన్నేమో పెళ్ళివారు చూస్తే ఎలా అంటున్నారు.

పాత పారామెడికల్:
బాబూ, నా సర్వీసంతా ఇదే పని. ఎం.డి.టి. అని కుష్టుకిచ్చే మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఇంకొకళ్ళకి అంటడం ఆగిపోతుంది, 6 నెలలో 12 నెలలో కోర్సు, అంతే. వేళ్ళు వాటంతటవి రాలవు. నరం దెబ్బతిని స్పర్శ పోతుంది, చెయ్యి కాలినా తెలీదు, ముల్లు దిగినా తెలీదు, పుండ్లు పడీ పడీ వేళ్ళు కురచవుతాయి. అమ్మగారికి ఈ ముక్క చెప్పు. ఇంకోటి, మండపం దగ్గర ఆయన చెప్పులు విప్పించకండి, నేల కాలుతున్నా ఆ పాదాలకి తెలీదు.

ఇందూరు పోరడు:
మాది డిచ్‌పల్లి దిక్కు. 1915ల ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ ఈడ కుష్టు దవాఖాన పెట్టింది, ఊరోళ్ళు ఎల్లగొట్టినోళ్ళు ఎక్కడెక్కడి నుంచో నడుసుకుంట వచ్చేటోళ్ళంట. మీ నాన్న మీద కోపం పెట్టుకోకు అన్నా. బిచ్చమెత్తే కుష్టు రోగిని వారెంటు లేకుండ పట్టుకపోవచ్చని రాసిన 1898 చట్టం 2016 దాంక తీసెయ్యలే, కుష్టు ఉంటే విడాకులు ఇయ్యొచ్చన్న ముక్క 2019 దాంక ఉండె. సర్కారే గట్ల రాసి పెట్టినంక జనాలకు భయం యాడికి పోతది?

కాలనీ అమ్మాయి:
నేను కాలనీలోనే పుట్టాను, అమ్మానాన్నా ఇద్దరూ పేషెంట్లే, నాకేం రాలేదు. అందరూ ఇంట్లోవాళ్ళని ఒప్పించడం గురించే రాస్తున్నారు, ఆయన్ని అడిగారా అసలు? మా నాన్నని ఒక పెళ్ళికి పిలిచి షామియానా వెనకాల విడిగా విస్తరేశారు, ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్ళలేదు. బంతిలో మీ పక్కనే కూర్చోబెట్టగలిగితేనే పిలవండి ప్లీజ్, అడక్కముందే చెంచా పెట్టండి.

గోదారిగట్టు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగానండి. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మా తమ్ముడు వచ్చి పిలిస్తే వస్తాను" అన్నాడు. తాతయ్యకి చెప్పా, ఇస్త్రీ చొక్కా తీసి పెట్టమన్నాడు, ఆదివారం ఇద్దరం బయల్దేరుతున్నాం.