మరణచ్ఛాయా, గాఢాంధకారమా? 23వ కీర్తనలో ఆ లోయ సంగతి

ఊరికే అడిగా:
"మరణచ్ఛాయ లోయలో నేను నడచినను..." ఈ ముక్క నాలిక మీద ఆడుతూనే ఉంది, ఒక పట్టాన వదలడం లేదు. ఎప్పుడో పక్కింటి వాళ్ళ కూడికల్లో విన్నదే. నాకు దేవుడి పట్టింపు లేదు, ముందే చెప్పేస్తున్నా, కాబట్టి ఎవరూ నన్ను మార్చే పని పెట్టుకోకండి, నేనూ ఎవర్నీ మార్చను. బైబిలు తెరిచి చూస్తే 23వ కీర్తన 4వ వచనం "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను" అని ఉంది. మరణమూ లేదు, ఛాయా లేదు. మరి నా చెవిలోకి అదెక్కడిది? ఇంకో సంగతి. నమ్మేవాళ్ళు ఈ లోయను చావు అనుకుంటారా, బతుకులో వచ్చే కష్టం అనుకుంటారా? చావే అయితే అందులో "సంచరించడం" ఏంటి, పులి సంచరించినట్టు?

బాపట్ల సండేస్కూల్:
మీ చెవిలో రెండు వచనాలు కలిసిపోయాయండీ. యెషయా 9:2 చూడండి: "చీకటిలో నడుచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు, మరణచ్ఛాయగల దేశనివాసులమీద వెలుగు ప్రకాశించును." క్రిస్మస్‌కి ఇది చదవని చర్చి ఉండదు. మత్తయి 4:16లోనూ మరణచ్ఛాయే. పక్కింటి కూడికల్లో డిసెంబరులో ఒకటి, మిగతా ఏడాదంతా ఇంకొకటి విని ఉంటారు.

ఛందోభ్రమ:
సమాధానం వచ్చేసింది కాబట్టి అసలు విషయానికి వద్దాం. ప్రశ్న అడిగినాయన "మరణచ్ఛాయ" అని చ్ఛ రాశారు, సంతోషం. ఈ మధ్య పాంప్లెట్ల మీద, ఫ్లెక్సీల మీద "మరణఛాయ" అనే చూస్తున్నా, ప్రాణం పోతోంది. హ్రస్వం తర్వాత ఛ వస్తే చకారం వచ్చి తీరాలి, "ఛే చ" అని పాణిని తేల్చేశాడు. వృక్షచ్ఛాయ, మరణచ్ఛాయ. ఇందులో మన ఇష్టాయిష్టాలు ఏమీ లేవు.

గోదారి గట్టు:
సంస్కృతంలో లేవేమో. తెలుగులో ఛాయ మన మాట అయిపోయి ఎన్నాళ్ళయింది! "ఆ ఛాయలకే రాలేదు" అంటాం, "చామనఛాయ పిల్ల" అంటాం. చామన హ్రస్వంతోనే కదా ఆగింది? చామనచ్ఛాయ అని పిలిచి చూడండి ఎవరినైనా, తుమ్మారనుకుంటారు.

ఛందోభ్రమ:
చామన తెలుగు మాట, దానికి పాణిని జవాబుదారీ కాదు. మరణం సంస్కృతం, ఛాయ సంస్కృతం, సమాసం సంస్కృతం. సంధి మాత్రం గోదారిలో కలిపేద్దామంటే ఎలా?

మెతుకుసీమ:
ఛే చ దగ్గరే ఆగిపోయారేం ఛందోభ్రమ గారూ. ఛాయ చివర ఉన్న తత్పురుషంలో నీడ దట్టంగా ఉందని చెప్పాలంటే "ఛాయా బాహుల్యే" అని ఇంకో సూత్రం ఉంది, అప్పుడది నపుంసకం అవుతుంది. రఘువంశం నాలుగో సర్గలో "ఇక్షుచ్ఛాయనిషాదిన్యః". చెరకు తోట నీడన కూర్చుని చేను కాపలా కాసే ఆడవాళ్ళు రఘువు గుణాలు పాడుతున్నారు. ఒక్క చెరకు గడ నీడలో ఎవరు కూర్చోగలరు, అందుకే బాహుళ్యం. దానికి వ్యాఖ్యానం రాసిన మల్లినాథుడు మా మెదక్ జిల్లా కొలిచెలమ మనిషి, ఇప్పటి కొల్చారం. ఆ లెక్కన మరణం నీడ దట్టంగా కమ్ముకున్న చోటు అన్నమాట, గాఢాంధకారం అన్నా అదేగా. మీ రెండు తర్జుమాలకీ కాళిదాసు రాజీ కుదిర్చేశాడు.

ఊరికే అడిగా:
చెరకు తోట దాకా వెళ్ళిపోయారు, బాగుంది. కానీ అసలు హీబ్రూలో ఏముంది? ఒకే మాటని ఒకచోట ఛాయ, ఇంకోచోట అంధకారం అన్నారా, రెండు వేరే మాటలా?

అరకొర హీబ్రూ:
ఒకే మాట. సల్మావెత్. సేల్ అంటే నీడ, మావెత్ అంటే చావు, కలిపితే మరణచ్ఛాయ. చిక్కెక్కడంటే హీబ్రూ పాత రాతలో హల్లులే ఉంటాయి, అచ్చుల గుర్తులు కొన్ని వందల ఏళ్ళ తర్వాత మసోరెట్లు అనే పండితులు పెట్టారు. ఆ హల్లుల్నే సల్మూత్ అని కూడా చదవచ్చు. అప్పుడు నీడా లేదు, చావూ లేదు, ఉత్త చిమ్మచీకటి. చీకటి అనే అర్థమున్న అరబ్బీ జుల్మత్ దీనికి చుట్టమే అంటారు. యోబు గ్రంథంలో ఈ మాట చాలాసార్లు వస్తుంది, చాలాచోట్ల చీకటి పక్కనే వస్తుంది, అందుకే చీకటి వాదం వాళ్ళకి బలం. మొత్తం గొడవంతా "వెత్"కీ "ఊత్"కీ మధ్య.

హైదరాబాదీ:
జుల్మత్ అనగానే ప్రాణం లేచొచ్చింది. మా నాన్న ఉర్దూ మీడియం, గజల్ లేనిదే అన్నం సహించేది కాదు. కరెంటు పోతే చాలు "జుల్మత్" అని మొదలుపెట్టేవాడు.

విశాఖ వాల్తేరు:
నా సిద్ధాంతం వినండి. అచ్చెక్కిన తెలుగు బైబిలు పని మా ఊళ్ళోనే మొదలైంది. 1805లో లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు, ఆనందరాయర్ అనే పండితుడు తోడయ్యాడు, 1812లో తొలి సువార్తలు అచ్చయ్యాయి. నమ్మకం మారినా పండితుడికి పాత అలవాటు ఎక్కడికి పోతుంది? రోజూ చదువుకునే కీర్తనలో మరణం అనే మాట అమంగళం అనిపించి గాఢాంధకారం చేసి ఉంటాడు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ దీపం "ఆరిపోయింది" అనం, "కొండెక్కింది" అంటాం. అదే బుద్ధి.

అరకొర హీబ్రూ:
సార్, 1812లో వచ్చినవి సువార్తలు. కీర్తనలు పాత నిబంధన. ఆయన నెత్తిన ఈ నేరం వెయ్యడానికి లేదు.

విశాఖ వాల్తేరు:
ఆయన కాకపోతే ఆయన తర్వాతి పండితుడు. బుద్ధి ఒక్కటే అంటున్నా.

బాపట్ల సండేస్కూల్:
అమంగళమే అయితే అదే పుస్తకంలో మరణం అనే మాట వేలెడు దూరానికొకటి ఎందుకుంది? నాకు తోచింది వేరే. మత్తయి రాసింది గ్రీకులో, అక్కడ "థనాతు" అని చావు తేటగా ఉంది, తప్పించుకోవడానికి లేదు, మరణచ్ఛాయ అనాల్సిందే. మత్తయి ఎత్తి చూపింది యెషయా మాట కాబట్టి రెండూ పొసగాలని యెషయాలోనూ అదే వేశారు. కీర్తనకి ఆ బెడద లేదు, కాబట్టి హీబ్రూ పండితుల చీకటి వైపు మొగ్గారు. తమిళం వాళ్ళు చూడండి, "మరణ ఇరుళిన్ పళ్ళత్తాక్కు" అని చావునీ చీకటినీ కలిపి వడ్డించారు, ఎవరితోనూ తగువు లేదు.

గోదారి గట్టు:
నాకు అంతకన్నా నచ్చేది ఇంకోటుంది. ఆ పుస్తకం నీడ అనే తెలుగు మాటని చావుకి వాడకుండా దాచిపెట్టుకుంది. 91వ కీర్తన మొదలే "మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు." మనకి నీడ అంటే చల్లదనం, చెట్టు, గూడూ నీడా. రోహిణీ కార్తెలో పొలం నుంచి వచ్చినవాణ్ణి అడగండి నీడ అంటే భయమా అని. అందుకే చావు దగ్గరకొచ్చేసరికి ఛాయ అని సంస్కృతానికి అప్పగించి చేతులు దులుపుకున్నారు. ఆ పని చేసింది ఎవరోగానీ చెవున్న మనిషి.

ఛందోభ్రమ:
చ్ఛాయ. చకారం ఒత్తు.

ఊరికే అడిగా:
నీడ సంగతి నిజంగా బాగుంది. కానీ నా రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నమ్మేవాళ్ళకి అది చావేనా?

నర్సక్క:
చెబుతా తమ్ముడూ. నేను నమ్మకంలో పుట్టి పెరిగినదాన్ని, ఉద్యోగం ఆసుపత్రిలో. సమాధి దగ్గర చదువుతారు, నిజమే. కానీ నేను ఎక్కువ విన్నది ఆపరేషన్ థియేటర్ బయట. మనిషి లోపల, అత్తగారు బయట బెంచీ మీద, కళ్ళు మూసుకుని ఇదే వచనం, అదీ చివరిదాకా కాదు, "నీవు నాకు తోడైయుందువు" దగ్గర ఆగి మళ్ళీ మొదటికి. ఆమెకి ఆ పూట లోయ అంటే చావు కాదు, డాక్టరు తలుపు తీసేదాకా ఉన్న టెన్షన్. ఇంకోటి గమనించు. మొదటి మూడు వచనాల్లో దేవుణ్ణి "ఆయన" అంటాడు. ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన నన్ను నడిపించుచున్నాడు. లోయలోకి దిగాక "నీవు" అంటాడు. పచ్చికలో ఉన్నప్పుడు దేవుడి గురించి మాట్లాడాడు, చీకట్లో దేవుడితో మాట్లాడుతున్నాడు. మాకు వచనం అక్కడుంది. మీరు లోయ పేరు దగ్గరే ఉండిపోయారు.

ఊరికే అడిగా:
అక్కా, ఇది నేను చూడనే లేదు. నాకు నమ్మకం లేదుగానీ, ఆయన నుంచి నీవుకి మారిన చోటు మాత్రం కవి పని.

వినుకొండ వాస్తవ్యుడు:
కవి అన్నారు కాబట్టి దూరుతున్నా. చర్చిలో పుట్టినవాడు తెలుగు పద్యంలో ఏం చెయ్యగలడో చూడాలంటే మా జాషువా. క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ ఇచ్చారు, సరే. నేను మాత్రం గబ్బిలం పక్షాన నిలబడతా. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి ఆ కావ్యంలో ఒక అంటరానివాడి చేత కాశీలో శివుడికి మొర పంపిస్తాడు, అదీ గబ్బిలంతో. ఎందుకంటే గుళ్ళోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, దానికుంది. అంధకారంలో సంచరించే ప్రాణి అంటే అదీ. "సంచరించినను" అన్న మాట వింతగా ఉందన్నవాళ్ళు ఒకసారి అది చదివి రండి.

అరకొర హీబ్రూ:
జాషువా పేరే ఒక చర్చ. తెలుగు బైబిల్లో ఆ పేరు యెహోషువ. జాషువా అన్నది ఇంగ్లీషు దారిన వచ్చిన రూపం. యేసు పేరు కూడా మూలంలో ఆ పేరే, గ్రీకు దారిన వచ్చి యేసు అయింది.

వినుకొండ వాస్తవ్యుడు:
ఏ దారిన వచ్చినా మావాడు వినుకొండలో దిగాడు, అది చాలు.

మెతుకుసీమ:
గబ్బిలానికి మేఘసందేశం తల్లి, మేఘసందేశానికి వ్యాఖ్య మళ్ళీ మల్లినాథుడే. ఎటు తిరిగినా కొల్చారమే.

కురుమోళ్ళ పిల్లగాడు:
మీరంతా లోయ కాడనే ఆగిండ్రు. అదే వచనంల "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అని ఉంది. మాది గొర్ల ఇల్లు. దుడ్డుకర్ర అని రాసినోనికి దండం పెట్టాలె, అది సరిగ్గ మంద కాడి మాట. పొట్టిగ, లావుగ, కొస బలంగ ఉంటది, తోడేలొస్తే ఒక్క దెబ్బ. మా తాతకు ఇంకోటి ఉండేది, దోటి. పొడుగు కర్రకు కొసన చిన్న కొడవలి కట్టి తుమ్మ కొమ్మ వంచి కోసి మందకేస్తుండె. ఆ రెండోది దండం ఎట్లయితది? దండం అంటే మాకు మొక్కుడన్న కావాలె, శిక్షన్న కావాలె.

అరకొర హీబ్రూ:
రెండోదానికి హీబ్రూలో ఉన్న మాటకి ఆనుకునే కర్ర అని అర్థం. మొదటిది మీరన్నట్టు దుడ్డే.

కురుమోళ్ళ పిల్లగాడు:
అట్లయితే ఊతకర్ర అనాలె. గంత మంచిగ దుడ్డుకర్ర రాసినోనికి ఊతకర్ర ఎందుకు యాదికి రాలె?

విశాఖ వాల్తేరు:
పండితుడు. నేను ముందే చెప్పా.

నర్సక్క:
"ఆదరించును" కూడా చూడండి. బయట ఆదరించడం అంటే సినిమాని ప్రేక్షకులు ఆదరించడం, చుట్టాన్ని ఆదరించడం. మా వాడుకలో ఆదరణ అంటే ఓదార్పు. పరిశుద్ధాత్మని ఆదరణకర్త అంటాం. ఇంట్లో ఎవరన్నా పోతే "ఆదరించడానికి వెళ్ళాలి" అంటాం, మీరు "పలకరింపుకి" అంటారు. తమ్ముడికి ఈ మాట ఎలా వినిపించిందో?

ఊరికే అడిగా:
కర్ర పట్టుకుని మర్యాద చేసినట్టు వినిపించిందక్కా, అబద్ధం ఎందుకు.

ఛందోభ్రమ:
ఆగండాగండి. దుడ్డుకఱ్ఱ అని బండి ఱతో రాశారా, మామూలు రతోనా? నా దగ్గరున్న ప్రతిలో బండి ఱే. కొత్త ముద్రణ ఉన్నవాళ్ళు ఎవరైనా ఫొటో పెట్టండి, దీనికి వేరే చర్చ తెరుస్తా.