‘డు’ ఎక్కడ పెట్టాలి? హన్మకొండ నుంచి వస్తున్న తమ్ముడికి జవాబులు

హన్మకొండ తమ్ముడు: అన్నలూ అక్కలూ, మాస్టర్స్‌కి వచ్చే నెల ఇంగ్లండ్‌లోని లెస్టర్ వస్తున్నా. ఇంగ్లీషు గ్రామర్ చదివా కానీ నోరు తెరిస్తే ‘యూ లివ్ హియర్?’ అనే వస్తోంది. ఇంటి ఓనర్‌తో ఎలా మాట్లాడాలో అని టెన్షన్. ప్రశ్నకు డు, డజ్ తప్పనిసరా?

కాజీపేట అన్న: గ్రామర్ తర్వాత తమ్మీ, ముందు రైస్ కుక్కర్ తెచ్చుకో. మన ప్లగ్ ఇక్కడ పట్టదు, అడాప్టర్ కూడా కావాలి. నా సంగతి విను. 2016లో ఇల్లు చూడడానికి పోయి, డిపాజిట్ తీసుకుంటారా అని అడగబోయి ‘యూ టేక్ డిపాజిట్’ అన్నా. మనకు చివర్లో ఒక ‘ఆ’ తగిలిస్తే చాలు కదా. ఇంగ్లీషులో ఆ ‘ఆ’ లేదు, భయానికి నా గొంతూ పైకి లేవలేదు. ఆయనకు ‘డిపాజిట్ తీసుకోండి’ అన్నట్టు వినపడింది. ‘ష్యూర్’ అంటూ వంటగట్టు మీదే రసీదు పుస్తకం తీశాడు. ఇల్లు నాకు నచ్చనే లేదు, పొయ్యి వెనక గోడంతా బూజు. మొహమాటానికి రెండు నెలల అద్దె కట్టేశా. ఆ డబ్బు వెనక్కి రావడానికి ఆరు వారాలు తిరిగా.

ములుగు రోడ్డు అక్క: వాడు అడిగింది డిపాజిట్ గురించి కాదు. తమ్ముడూ, ‘వస్తారా’లో చివరి ‘ఆ’ను తీసుకెళ్లి ముందు కూర్చోబెట్టు, అదే డు. హీ, షీ, ఇట్ అయితే డజ్. డజ్ వస్తే క్రియకున్న ఎస్ ఊడాలి: ‘డజ్ ద రెంట్ ఇన్‌క్లూడ్ బిల్స్?’ ఎక్కడ, ఎంత లాంటివి డు కంటే ముందుంటాయి: ‘వేర్ డు యూ వర్క్?’

జనగామ అన్న: డు లేకుండా ఇంగ్లీషులో ప్రశ్నే లేదు. అది రూల్.

ములుగు రోడ్డు అక్క: ‘ఆర్ యూ ద ఓనర్?’లో డు ఏది? ‘హూ పేస్ ద కౌన్సిల్ టాక్స్?’లో ఏది? ఎవరు అన్నదే కర్త అయితే డు రాదు.

కాజీపేట అన్న: ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లే అయితే ఆ కౌన్సిల్ టాక్సే, అంటే ఇంటి పన్నే, ఉండదు.

జనగామ అన్న: ఇక్కడ ‘హ్యావ్ యూ గాట్ ఎ కీ’ అంటారు. ‘డు యూ హ్యావ్’ అమెరికా వాళ్లది. పదిహేనేళ్ల నుంచి ఉన్నా, నాకు తెలియదా?

ములుగు రోడ్డు అక్క: మా ఆఫీసులో రోజూ రెండూ వింటున్నా అన్నా. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో మరి. తమ్ముడూ, ఇంకోటి: ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే, 2019 చట్టం వచ్చాక ఇంగ్లండ్‌లో డిపాజిట్ అయిదు వారాల అద్దె దాటకూడదు.

హన్మకొండ తమ్ముడు: ‘డు యూ టేక్ ఎ డిపాజిట్?’ అని అద్దం ముందు పది సార్లు అన్నా. ఎవరితో మాట్లాడుతున్నావురా అని అమ్మ వంటింట్లోంచి అరుస్తోంది. కాజీపేట అన్నా, కుక్కర్ ఎన్ని లీటర్లది తేవాలి?