జనవరి 13: భోగిపళ్లు, క్నూట్ రోజు కలిపి చేద్దాం (స్టాక్‌హోమ్ వలంటీర్ల పనులు)

కార్యదర్శి: అందరికీ నమస్కారం. ఈసారి డిసెంబరులో క్రిస్మస్ పార్టీ వద్దనిపిస్తోంది. 13న లూసియా దీపాల పండగ, 24న ఇక్కడి అసలు పండగ, ఆలోపే సగం మంది ఇండియా ఫ్లైటెక్కేస్తారు. ఇక్కడ క్రిస్మస్ ముగిసేది జనవరి 13న, క్నూట్ రోజున. చెట్టు చుట్టూ ఆడిపాడి, దానికి వేలాడే మిఠాయిలు దోచుకుని, చెట్టుని బయట పడేస్తారు. మన భోగి కూడా 13నో 14నో వస్తుంది. రెండూ కలిపేద్దామా?

పిల్లల కార్యక్రమాలు: సూపరండీ! చెట్టుకి పెప్పర్‌కాకర్ అనే అల్లం బిస్కెట్లు, ఎర్ర చారల పోల్కాగ్రీస్ మిఠాయిలు వేలాడదీద్దాం, పిల్లలే తెంపుకుంటారు. ఆ బిస్కెట్లతోనే కట్టే జింజర్‌బ్రెడ్ ఇల్లు పగలగొట్టేదీ ఆ రోజే. ఇన్నాళ్లూ ముట్టుకోనివ్వలేదు కదా, ముందు కప్పు ఎగిరిపోతుంది. తర్వాత చేపల చెరువు ఆట: అడ్డంగా కట్టిన దుప్పటి మీంచి గాలం వేస్తే, వెనకున్నవాళ్లు మిఠాయి పొట్లం తగిలించి దారం లాగుతారు. దుప్పటి వెనక కూర్చోడానికి ఓపికున్న బాబాయిలు ఇద్దరు కావాలి.

వంటలు: గోడిస్ (మిఠాయిలు) కొనేవాళ్లు ప్యాకెట్ వెనక చదవండి ప్లీజ్. జెలటిన్ ఉంటే వద్దు. భోగిపళ్లకి చైనా షాపులో ఎండు రేగుపళ్లు దొరుకుతాయి, కానీ గింజ ఉంటుంది. అందుకే చంటిపిల్లలకి చామంతి రేకులే పోద్దాం. చిల్లర ఎవరి దగ్గరైనా ఉందా? ఫోన్‌లో డబ్బు పంపే స్విష్ యాప్ వచ్చాక నాణెం మొహం చూసి ఎన్నాళ్లయిందో! పరమాన్నం నాది. స్వీడన్‌వాళ్లు క్రిస్మస్ పాలన్నంలో ఒక బాదంపప్పు దాస్తారు, దొరికినవాళ్లకి ఆ ఏడు పెళ్లవుతుందట. మనకి అలర్జీ పిల్లలున్నారు, బాదం, జీడిపప్పు రెండూ వేయను.

కొత్త సభ్యుడు: ఇంతకీ ఈ క్నూట్ ఎవరండీ?

కార్యదర్శి: క్నూట్ లవార్డ్ అని డెన్మార్క్ రాకుమారుడు, 1131 జనవరి 7న హత్య చేశారు. ఆయన రోజు మొదట్లో 7నే ఉండేది, తర్వాత 13కి జరిపారు. పిల్లలకి హత్య సంగతి చెప్పకండి బాబూ.

హాలు: ఆ చెట్టునే భోగిమంటలో వేసేద్దామని ఇద్దరు ఫోన్ చేశారు. కుదరదు. హాలువాళ్లు లోపల కొవ్వొత్తి కూడా వెలిగించనివ్వరు. మూడున్నరకల్లా పొద్దుగూకిపోతుంది కాబట్టి, బయట మంచులో డబ్బా దీపాలు పెట్టి చుట్టూ గొబ్బిపాటలు పాడుకుందాం. చెట్టుని కమ్యూన్‌వాళ్లు (మున్సిపాలిటీ) చెప్పిన చోట వేసి రావాలి. పెద్ద డిక్కీ ఎవరికుంది?

కొత్త సభ్యుడు: నాకుందన్నా. డిక్కీ నిండా చెట్టు సూది ఆకులు రాలతాయి, చేపల చెరువు అయ్యాక ఆ దుప్పటి నాకివ్వండి.