‘పట్రూన్’ని జమీందారు అనొచ్చా?

న్యూయార్క్ పాత చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మొదటి పేజీలోనే ‘పట్రూన్’ దగ్గర బండి ఆగిపోయింది. డచ్చివాళ్ళ మాట. 1629లో వాళ్ళ వెస్టిండియా కంపెనీ ఒక ఆశ చూపింది: 15 ఏళ్ళు దాటిన 50 మందిని నాలుగేళ్ళలో అమెరికాలో కాపురం పెట్టించినవాడికి నది వెంట మైళ్ళకొద్దీ భూమి ఇస్తామని. అలా పొందినవాడు పట్రూన్. కిలియాన్ వాన్ రెన్సెలర్ అనే ఆమ్‌స్టర్‌డామ్ వజ్రాల వర్తకుడు, పైగా ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడు, హడ్సన్ నదికి రెండువైపులా, ఇప్పటి ఆల్బనీ చుట్టూ అలాంటి భూమి సంపాదించాడు. ఆ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. కుటుంబం మాత్రం 200 ఏళ్ళకు పైగా దాని మీద బతికింది. తెలుగులో ఏమనాలి?

జవాబు: ఇంత టెన్షన్ ఎందుకండీ, జమీందారు అనేయండి. అందరికీ అర్థమవుతుంది.

అడిగినవారు: నేనూ ముందు అదే రాసి కొట్టేశాను. జమీన్ అంటే భూమి, దార్ అంటే కలిగినవాడు, మాట వరకు బాగానే ఉంది. కానీ మన సర్కారు జిల్లాల్లో 1802 శాశ్వత శిస్తు నిర్ణయం తర్వాత జమీందారు రైతుల దగ్గర వసూలు చేసి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ (ఏటేటా కట్టే సొమ్ము) కట్టాలి. కట్టకపోతే జమీ వేలానికి పోతుంది. పట్రూన్‌కి ఆ బెడద లేదు. అది సొంత భూమి, పైగా సొంత కోర్టు పెట్టుకునే హక్కు కూడా ఉంది.

జవాబు: అయితే ‘దొర’. భూమి, తీర్పు, రెండూ ఒక్క చేతిలో ఉంటే మా తెలంగాణలో ఆ మాటే. పట్రూన్‌కి మూలం లాటిన్‌లో ‘తండ్రి’ అనే మాట కదా. దొర ముందు నిలబడి ‘మీరే మాకు తల్లీ తండ్రీ’ అన్నవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంతకీ అక్కడ వెట్టి ఉండేదా?

అడిగినవారు: వెట్టి అనాలా వద్దా అన్నదే నా రెండో ప్రశ్న. ఆ కుటుంబంలో చివరి పట్రూన్ మూడో స్టీఫెన్ వాన్ రెన్సెలర్ (1764–1839) కింద సుమారు 3,000 కౌలు కుటుంబాలు. మొదటి ఏడేళ్ళు కౌలు లేదు. ఆ తర్వాత ఏటా నూరెకరాలకు 10 నుంచి 14 బుషెళ్ళ (బుషెల్ అంటే అక్కడి ధాన్యం కొలత) గోధుమలు, బలిసిన కోళ్ళు నాలుగు, గుర్రాలూ బండీ కట్టుకొచ్చి ఒకరోజు పని. ఏడాదికి ఒక్కరోజే, అదీ కాగితం మీద రాసుకున్నదే. మన వెట్టికి కాగితమేది, లెక్కేది? అన్నిటికంటే చేదు ఇంకోటి. కౌలుదారు తన హక్కు అమ్ముకుంటే వచ్చిన ధరలో నాలుగో వంతు పట్రూన్‌కి. చెట్లు కొట్టి, రాళ్ళు ఏరి చేను చేసింది వీళ్ళు.

జవాబు: ‘ఒకరోజు చాకిరీ’ అనండి. వెట్టి వద్దు. అన్నట్టు మనం ఆఫీసులో రోజూ అనే ‘బాస్’ కూడా డచ్చి మాటే, అమెరికాకు ఆ వలసలతోనే వచ్చింది. ఆ డచ్చివాళ్ళనే మన పెద్దలు వలందావాళ్ళు అనేవారు. మా బందరులో వలందపాలెం ఉంది. ఇక్కడికొచ్చింది వాళ్ళ వేరే కంపెనీ లెండి.

జవాబు: ఆ ఎస్టేటు పేరు రెన్సెలర్స్‌విక్ కదా. ‘విక్’ దగ్గర ‘పేట’ పెట్టి చూడండి. జమీందారు నరసరావు పేరు మీద నరసరావుపేట లేదూ!

అడిగినవారు: పేట భలే కుదిరింది, బ్రాకెట్లో పెడతాను. కథ చివర ఇంకో మాట ఉంది, బట్టల గురించి. 1839లో స్టీఫెన్ పోయాక వారసులు దాదాపు 4 లక్షల డాలర్ల పాత కౌలు బాకీలు కట్టమని కూర్చున్నారు. రైతులు ముఖాలకు ముసుగులేసుకుని, పూల గౌన్లు తొడుక్కుని, మధ్యాహ్నం భోజనానికి పిలిచే రేకు బూరాలు ఊది ఊళ్ళన్నీ లేపారు. జప్తుకొచ్చిన అధికారుల్ని తరిమారు. ఆ గౌన్లు కాలికో గుడ్డవి. కాలికో అంటే మన కాలికట్ పేరే. 1846 రాజ్యాంగంలో న్యూయార్క్ రాష్ట్రం 12 ఏళ్ళు మించిన సాగు కౌళ్ళను ఆపేసింది.

సరే, ‘పట్రూన్’ అలాగే ఉంచుతున్నాను. మొదటిసారి మాత్రం ‘పట్రూన్ దొర’ అని రాస్తాను. బుషెల్‌ని ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి. పుట్టి, తూము అంటే కొలత తప్పుతుంది.