నెగటివ్ మారలేదు, కొలతలు మారలేదు, ప్రింటు మాత్రం రోజుకో రకం

ప్లాటినం, పల్లాడియం లోహాల ద్రావణాలు సగం సగం కలిపి, కాగితానికి పూత పూసి ఫొటో ప్రింట్లు తీస్తున్నాను. నెగటివ్ అదే, చుక్కలు లెక్కపెట్టే వేస్తున్నా, ఎక్స్‌పోజర్ కూడా 6 నిమిషాలే. అయినా సోమవారం నిండు నలుపుతో వచ్చిన బొమ్మ గురువారానికి బూడిద రంగులో, ఇసుక చల్లినట్టు వస్తోంది. పూత పూశాక హెయిర్ డ్రైయర్‌తో బాగా ఆరబెడుతున్నా. ఈ లోహాల ధర తలుచుకుంటే ప్రతి టెస్ట్ స్ట్రిప్‌కీ టెన్షనే. తప్పెక్కడ జరుగుతోందంటారు?

జవాబు 1
ఆ "బాగా ఆరబెడుతున్నా" దగ్గరే అనుకుంటా. కాగితంలో కాస్త తేమ మిగలాలి, ఎముకలా ఎండిపోతే నలుపు లేవదు, గరుకు వస్తుంది. గదిలో తేమ ఎంతుందో కొలిచే మీటరు పెట్టుకోండి, 50-60 శాతం మధ్య ఉంటే మంచిది. పూత మెరుపు పోయేదాకా చీకట్లో మామూలు గాలికి వదిలేసి, ప్రతిసారీ అంతే సేపు ఆగండి. ఇంకో గుర్తు: డెవలపర్‌లో (బొమ్మని పూర్తిగా పైకి తెచ్చే రసాయనంలో) వేయకముందే బొమ్మ లీలగా ఎంత కనిపిస్తోందో చూడండి, తేమ ఎక్కువుంటే అది ఎక్కువ కనిపిస్తుంది.

జవాబు 2
పూతలో కలిపే ఫెర్రిక్ ఆక్సలేట్ (వెలుగుకి స్పందించే ఇనుప లవణం) పాతబడిందేమో అని కూడా చూడాలి గానీ, అది పాడైతే ముందు తెల్లటి భాగాలు మసకబారతాయి, మీరు చెప్పేది అది కాదు. అనుమానం ఉంటే ఒక చుక్కకి పొటాషియం ఫెర్రిసయనైడ్ కలపండి, ముదురు నీలం తిరిగితే ఆ సీసా పక్కన పెట్టేయడమే. చుక్కల లెక్కని మాత్రం నేను నమ్మను, డ్రాపర్ మారితే చుక్క సైజు మారుతుంది, చిన్న సిరంజి వాడండి. డెవలపర్ వేడి కూడా ఒకేలా ఉంచాలి, వేడెక్కితే రంగు గోధుమ వైపు జరుగుతుంది.

అడిగినవారు
మీటరు పెట్టా. మొన్న 36, ఇవాళ 61! నేనేమో కెమిస్ట్రీని తిట్టుకుంటూ కూర్చున్నా.

జవాబు 1
అయితే పొడి రోజుల్లో పూత పూసిన కాగితాన్ని మూత ఉన్న పెట్టెలో, అడుగున నీళ్లు, పైన జాలీ పెట్టి దాని మీద కాసేపు ఉంచండి. తడి ఎక్కువైతే నెగటివ్‌కి అంటుకుంటుంది, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ షీటు వేయండి. ఈ వారం అసలు బొమ్మ జోలికి పోకుండా 21 మెట్ల స్టెప్ టాబ్లెట్ (మెట్టు మెట్టుకీ ముదురుతూ పోయే ఫిల్ము ముక్క) ఒక్కటే ప్రింటు చేస్తూ ఉండండి. దాంట్లో మెట్టుకి అర స్టాపు తేడా (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు లేదా సగం), కాబట్టి ఎంత జారిందో వెంటనే తెలుస్తుంది.

అడిగినవారు
మూడు రాత్రులు చేశా, నలుపు మూడుసార్లూ ఒకే మెట్టు దగ్గర ఆగింది. సిరంజి ఇంకా కొనలేదు.