చేదు వేపకు ఎండు తెగులు ఎలా సోకుతోంది?

ప్రశ్న:
మా ఇంటి ముందున్న వేపచెట్టు వానలు తగ్గుముఖం పట్టిన నాటి నుంచి కొసలు మాడి ఎండిపోతోంది. 2021లో తెలంగాణలో ఊరూరా వేపలు ఎండిన తీరే కనిపిస్తోంది. పురుగు పట్టకుండా ధాన్యంలో వేపాకు కలిపి దాచుకునే మనకు, ఆ చెట్టుకే తెగులు సోకిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. చేదే దానికి రక్షణ అయితే ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? చెట్టును కొట్టివేయమని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. వారి మాట వినవచ్చునా?

జవాబు 1:
వేప చేదు ప్రతి శత్రువు మీదా పనిచేయదండి. అందులోని అజాడిరక్టిన్ అనే చేదు పదార్థం ముఖ్యంగా ఆకును కొరికి తినే కీటకాలకు విరుగుడు. రుచి తగలగానే చాలా పురుగులు మేత మానేస్తాయి. మానకుండా తిన్నవాటిలో కుబుసం విడవడానికి అవసరమైన హార్మోన్ల క్రమం చెడిపోయి, అవి ఎదగలేక చనిపోతాయి. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా మేసి వేపలను మాత్రం ముట్టకపోవడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ గమనించారు.

మీ చెట్టుకు సోకినది బహుశా ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. కుబుసమే లేని దానికి ఈ దెబ్బ తగలదు. దీనికి తోడుదొంగ టీ దోమ అనే పురుగు, జీడిమామిడి రైతులకు పాత శత్రువే. అది ఆకు కొరకదు. లేత కొమ్మలో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చిన చోట గోధుమరంగు మచ్చ పడి, కొస వాడిపోతుంది.

జవాబు 2:
ఇక్కడొక మెలిక ఉంది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఇచ్చిన పేటెంటును, అది భారతీయులకు ముందునుంచే తెలిసినదన్న వాదనతో ఏకీభవించి ఐరోపా పేటెంట్ కార్యాలయం 2000లో రద్దు చేసింది. నూనెకు ఆ గుణం ఉన్నప్పుడు చెట్టుకు ఎందుకు లేదు?

జవాబు 1 రాసిన సభ్యుని వివరణ:
సరైన సందేహమే. నూనె ఉండేది గింజలో. అజాడిరక్టిన్ కూడా అత్యధికంగా అక్కడే ఉంటుంది. నిన్నగాక మొన్న వేసిన చిగురుకు ఆ బలం రాదు. కొమ్మల విషయంలో వేప నడిపే పద్ధతి వేరు: మాడిన కొసలను వదులుకుని, బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గల నుంచి మళ్లీ చిగురిస్తుంది. 2021లో మాడిన చెట్లు ఎన్నో అలాగే తేరుకున్నాయి.

కనుక కొట్టించకండి. గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన కొమ్మలను పచ్చి భాగం వరకు కోయించి కాల్చివేయండి. లేకపోతే వానచినుకుల వెంట శిలీంధ్ర బీజాలు కింది కొమ్మలకు చేరతాయి.